స్కూలయ్యాక మూడు గంటలు: పన్నెండేళ్ల పాపని, ఎనిమిదేళ్ల బాబుని ఇంట్లో వదలొచ్చా?

మియాపూర్ అమ్మ | జూన్ 19, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదువుకుని వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే అడగాల్సి వచ్చింది.

మా పాప ఏడో తరగతి, మొన్న మార్చిలో 12 నిండాయి. బాబు మూడో తరగతి, 8 ఏళ్లు. మా అత్తగారు మా దగ్గరే ఉండేవారు కాబట్టి సాయంత్రాల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. వేసవి సెలవుల్లో మామగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆవిడ ఇప్పట్లో తణుకు వదిలి రాలేరు. 12న స్కూళ్లు తెరిచారు, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు.

లెక్క ఇదీ. వ్యాన్ 4:10కి గేటు దగ్గర దింపుతుంది. మాది నాలుగో అంతస్తు. వారంలో మూడు రోజులు నేను గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లాలి, ఇల్లు చేరేసరికి 7:15. వానొస్తే దేవుడే దిక్కు. మావారిది పాశమైలారంలో ఫ్యాక్టరీ, ఆయన వచ్చేసరికి ఎనిమిదవుతుంది. పనావిడ నాలుగున్నరకి వచ్చి గిన్నెలు తోమి ఐదింటికి వెళ్లిపోతుంది. ఏడు దాకా కూర్చోమని బతిమాలితే ఇంకా రెండిళ్లు ఉన్నాయమ్మా అంది.

పాప మాత్రం "నేను చూసుకుంటాలే అమ్మా" అంటోంది. ఆ మాట వింటే కాస్త ధైర్యం వస్తోంది, వెంటనే టెన్షనూ వస్తోంది. ఈ మూడు రోజులు మీరైతే ఏం చేస్తారు?

బెజవాడ నాన్న | జూన్ 19, రాత్రి 11:20

మాకిద్దరూ మగపిల్లలే, ఒకడు ఇంటర్, ఒకడు తొమ్మిది. నాలుగేళ్లు ఇదే బతుకు బతికి బట్టకట్టాం. కాబట్టి వదలొచ్చా లేదా అన్నది వేరేవాళ్లు తేలుస్తారు, నేను పని సంగతి చెబుతా.

మొట్టమొదట గ్యాస్. పొద్దున బయల్దేరేటప్పుడు స్టవ్ నాబ్ తిప్పి ఊరుకోకండి, సిలిండర్ రెగ్యులేటర్ దగ్గర ఆపండి. పిల్లలకి ఒక్కటే నేర్పండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకూడదు, ఆపకూడదు, ఫ్యానుది కూడా. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. తలుపు, బాల్కనీ బార్లా తీసి బయటికొచ్చేసి పక్కింటివాళ్లకి చెప్పాలి. 1906 గ్యాస్ లీకుల నంబరు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు. ఆ ఫోను కూడా బయటికొచ్చాకే.

రెండోది తిండి. నాలుగున్నరకి పిల్లలు తోడేళ్లు. ఉప్మా చల్లారితే ముట్టుకోరు, నాలుగు సార్లు పారబోసి తెలుసుకున్నా. మా ఇంట్లో చెల్లినవి పెరుగన్నం, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, చపాతీలో బెల్లం నెయ్యి చుట్టి డబ్బాలో పెట్టడం. మ్యాగీ మేమే చేసుకుంటాం అంటారు. పెద్దాడు ఏడులోకి వచ్చాక నేను పక్కన నిలబడి ఇండక్షన్ మీద నెల్లాళ్లు చేయించి అప్పుడు వదిలా.

మూడోది తలుపు. గ్రిల్‌కి లోపల్నుంచి తాళం వేసుకుంటారు కదా, ఆ చెవి ఎప్పుడూ ఒకే మేకుకి ఉండాలి. పిల్లల చేతికి అందాలి, గ్రిల్ సందులోంచి దూర్చే చేతికి అందకూడదు. చెవి ఎక్కడో పడేసి, పొగ వచ్చినప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే అంతే సంగతులు.

కేపీహెచ్‌బీ రమ్య | జూన్ 20, ఉదయం 7:05

ఇంత ఆలోచన ఎందుకండీ? మా పాప స్కూల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఆరున్నర దాకా అక్కడే ఉంటుంది, హోమ్‌వర్కూ అయిపోతుంది. చిన్నాడికి మా కింది ఫ్లాట్‌లో ట్యూషన్ ఆంటీ ఉన్నారు. డబ్బుతో తీరే పనికి బుర్ర పాడుచేసుకోవడం దేనికి?

సిక్కోలు మాస్టారు | జూన్ 20, ఉదయం 8:31

రమ్యమ్మా, తప్పుగా అనుకోవద్దు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. టైంటేబుల్‌లో ఆఖరి పీరియడు నాకిస్తే హెడ్మాస్టరుతో పోట్లాడేవాణ్ణి. ఆ పీరియడులో పిల్లల మొహాలు చూస్తే తెలిసిపోతుంది, బుర్రలో చోటు లేదని. దాని మీద ఇంకో రెండున్నర గంటలు కూర్చోబెడితే వాళ్లు నేర్చుకునేది లెక్కలు కాదు, వింటున్నట్టు కూర్చోవడం.

నాలుగు నుంచి ఏడు అంటే ఆటల వేళ. మా ఊళ్లో ఆ వేళకి ఇంట్లో ఉన్న పిల్లాడికి జ్వరమైనా ఉండాలి, శిక్షైనా ఉండాలి. మీ అపార్ట్‌మెంట్ కింద పిల్లలు ఆడుకునే చోటు ఉందా తల్లీ? అది ముందు చెప్పు.

మియాపూర్ అమ్మ | జూన్ 20, ఉదయం 9:14

ఉంది మాస్టారూ. పార్కింగ్ పక్కన చిన్న జాగా. కానీ బంతి కారుకి తగిలితే గొడవ, అసోసియేషన్ వాళ్లు బోర్డు పెట్టారు. "ఇక్కడ ఆడరాదు" అని.

సిక్కోలు మాస్టారు | జూన్ 20, ఉదయం 9:20

కార్లకి జాగా ఉంది కదా, సంతోషం.

రాత్రి డ్యూటీ | జూన్ 20, మధ్యాహ్నం 2:40

నర్సుని. క్యాజువాలిటీలో 11 ఏళ్లు. ఇప్పుడే నిద్ర లేచి చదువుతున్నా. పెద్ద ప్రమాదాల కంటే చిన్నవి ఎక్కువ వస్తాయి, వాటినే పెద్దవి చేసుకుని తీసుకొస్తారు.

చెయ్యి కాలితే పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయకూడదు. కుళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి, ఐసు వద్దు. ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చడం మన ఇళ్లలో అలవాటు, అది తప్పు. కొంచెం ముందుకు వంగి ముక్కు మెత్తటి భాగం పది నిమిషాలు గట్టిగా పట్టుకోవాలి. కుక్క కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆలస్యం చేయకుండా టీకా వేయించాలి. ఇక్కడో సంగతి. వీధిలోకి ఎందుకెళ్లావని తిడతారన్న భయంతో పిల్లలు కుక్క కరిచిన సంగతి దాచేస్తారు. దానికి మాత్రం తిట్టం అని ముందే మాటివ్వండి. ఇచ్చిన మాట మీద ఉండండి కూడా.

నంబర్లు 108, 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇవి అందరికీ తెలుసు. మీ అమ్మ నంబరు చెప్పమ్మా అంటే తెల్లమొహం వేసే పదమూడేళ్ల పిల్లల్ని నేను చూస్తూనే ఉంటా. ఫోనులో "అమ్మ" అని ఉంటుంది, అంకెలు రావు. ఈ రాత్రే మీవాళ్లని అడిగి చూడండి. బ్లాకు, ఫ్లాటు నంబరు, దగ్గర్లో గుర్తుపట్టే చోటు, ఇవి కూడా అంబులెన్స్ అతనికి చెబుతున్నట్టు చెప్పించండి.

బెజవాడ నాన్న | జూన్ 20, మధ్యాహ్నం 3:02

ఇప్పుడే చిన్నాడికి ఫోన్ చేసి వాళ్లమ్మ నంబరు అడిగా. మొదటి నాలుగు అంకెలు చెప్పి ఆగిపోయాడు. తొమ్మిదో తరగతి! పై పోస్టులో నేను చెప్పిన పెద్ద కబుర్లు సగానికి తగ్గించి చదువుకోండి.

పాత తాళంచెవి | జూన్ 20, రాత్రి 11:47

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ తెరిచి మూస్తున్నా.

1999, గుంటూరు. నాకు 12, తమ్ముడికి 9. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు, చెరో మండలం. బస్సులు పట్టుకుని వచ్చేసరికి ఏడయ్యేది. ఇంటి తాళంచెవి నల్లతాడుకి కట్టి నా మెడలో, యూనిఫాం లోపల ఉండేది. పరిగెడితే ఎముకకి తగిలేది.

నేనొక్కదాన్నే అయితే ఆ మూడు గంటలు నాకు రాజ్యం. తమ్ముడు క్రికెట్‌కి పోయిన రోజుల్లో అలాగే ఉండేది. పెరట్లో జామచెట్టు. దోరకాయ కోసుకుని, సాసర్‌లో ఉప్పూకారం వేసుకుని, మేడ మెట్ల మీద కూర్చునేదాన్ని. ఏం ఆలోచించేదాన్నో గుర్తులేదు. ఎవరూ ఏమీ అడగని టైమ్ అది. అంత ఖాళీ మళ్లీ నా జీవితంలో రాలేదు.

కానీ మిగిలిన రోజుల్లో వాణ్ణి చూసుకోవాలి. వాడు నా మాట ఎందుకు వింటాడు? ఓసారి టీవీ ఆపానని కోపమొచ్చి బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. పాత ఇనప గడియ, బిగుసుకుపోయింది. లోపల వాడు ఏడుపు, బయట నేను ఏడుపు. తలుపు సందులోంచి స్కేలు దూర్చి పైకి లేపబోతే స్కేలు విరిగింది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. వాణ్ణి వదిలి వీధిలోకి వెళ్లాలా, ఇక్కడే ఉండాలా అన్నది తేల్చుకోవడానికే చాలాసేపు పట్టింది. చివరికి వీధి చివర వడ్రంగి వచ్చి తలుపు ఊడబీకాడు. తమ్ముడికి ఏమీ కాలేదు, బయటికొచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ టీవీ పెట్టాడు.

నాన్న వచ్చాక ఎవర్ని తిట్టుంటారో చెప్పక్కర్లేదు. "పెద్దదానివి, ఆ మాత్రం చూసుకోలేవా?"

వాడిప్పుడు బెంగళూరులో ఉంటాడు, ఇద్దరు పిల్లల తండ్రి. వాడికి ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఇప్పటికీ నాకు ముందు వచ్చేది దిగులు కాదు, నేను ఏదో చేయడం మర్చిపోయానన్న భయం.

మియాపూర్ అమ్మ గారూ, మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. పాప ఒంటరిగా ఉండగలదా అన్నది ఒకటి. ఎనిమిదేళ్ల పిల్లాడికి తను కాపలా కాయాలా అన్నది ఇంకొకటి. "చూసుకుంటాలే" అన్నది మొదటిదానికి అయి ఉండొచ్చు. రెండోది మీరు విడిగా అడిగారా?

మియాపూర్ అమ్మ | జూన్ 21, ఉదయం 6:38

రాత్రి చదివి నిద్ర పట్టలేదు. అడగలేదండీ.

ఇందాక జడ వేస్తూ అడిగా, తమ్ముణ్ణి చూసుకోవడం నీకు ఓకేనా అని. పాప మొదటి మాట: "వాడు వినకపోతే కొట్టొచ్చా?"

మేరీల్యాండ్ మూర్తి | జూన్ 21, ఉదయం 7:15

మేము ఉండే మేరీల్యాండ్‌లో దీనికి చట్టమే ఉంది. 8 ఏళ్ల లోపు పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. ఎవరినైనా తోడు ఉంచితే ఆ తోడుకి కనీసం 13 ఉండాలి. మీ బాబుకి 8 నిండాయి కాబట్టి ఆ లెక్కన బయటపడతారు, అంతే. అమెరికా అంతా ఇలాగే ఉండదు, మా అన్నయ్య ఉండే టెక్సస్‌లో ఫలానా వయసు అని లేదు. బ్రిటన్‌లో కూడా చట్టంలో అంకె లేదు. ఇండియాలోనూ వయసు గీత లేదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ మాత్రం కావాలని పిల్లల్ని నిర్లక్ష్యం చేసి వాళ్లు బాధపడేలా చేస్తే శిక్ష అంటుంది. మీ సంగతి అది కాదు లెండి, భయపడకండి.

నేను చెప్పాలనుకున్నది వయసు గురించి కూడా కాదు. తోడుండేవాళ్లకి వేరే వయసు పెట్టారు చూడండి. తాళంచెవి గారు అన్న ఆ రెండు ప్రశ్నల్ని ఇక్కడి చట్టం కూడా విడివిడిగానే చూసింది.

ధర్మపన్నాలు | జూన్ 21, ఉదయం 10:10

ఇన్ని తిప్పలెందుకు. తల్లి రెండేళ్లు ఉద్యోగం మానేస్తే పోలా. పిల్లల కంటే జీతం ఎక్కువా?

రాత్రి డ్యూటీ | జూన్ 21, ఉదయం 10:13

తండ్రి మానేస్తే ఏం పోతుందో కూడా రాయండి.

కేపీహెచ్‌బీ రమ్య | జూన్ 21, ఉదయం 10:30

ఫ్లాటు ఈఎంఐ మీరు కడతారా సార్?

నిర్వాహకుడు | జూన్ 21, ఉదయం 11:02

దీని కింద వచ్చిన పద్నాలుగు సమాధానాలు తీసేశాను. పిల్లల సంగతికి రండి.

హనుమకొండ సుధ | జూన్ 21, సాయంత్రం 5:44

మీ అందరికీ గ్యాస్, తాళాలు. మాకు కోతులు. సరిగ్గా నాలుగున్నరకి మందగా వస్తాయి, స్కూలు వదిలినట్టే. పోయినేడు మా అబ్బాయి ఒక్కడే ఉన్నప్పుడు కిచెన్ కిటికీ తోసి వచ్చి ఫ్రిజ్ తెరిచింది ఒకటి. వాడు బెడ్‌రూంలోకి పోయి తలుపు వేసుకుని నాకు ఫోన్ చేసి గుసగుసగా "అమ్మా, అది పెరుగు తింటోంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కట్టె పట్టుకుని ఎదురు పోవద్దు, దాని కళ్లలోకి చూడొద్దు, తిండి వదిలేసి వేరే గదిలోకి పో అని ముందే చెప్పి పెట్టాం కాబట్టి సరిపోయింది. తర్వాత కిటికీలన్నిటికీ జాలీ కొట్టించాం.

ఇంకోటి, పిల్లలకి "ఎవరొచ్చినా తలుపు తీయకు" అని చెప్తాం, ఏమని జవాబు చెప్పాలో చెప్పం. మావాడు ఒకసారి పార్శిల్ అబ్బాయితో "మా ఇంట్ల ఎవ్వరు లేరు, నేనొక్కన్నే ఉన్న, రేపు రా అన్నా" అన్నాడట. ఇప్పుడు "అమ్మ ఫోన్ల ఉంది, అక్కడ పెట్టిపో" అంటాడు. అబద్ధం నేర్పినట్టే, ఒప్పుకుంటా.

బెజవాడ నాన్న | జూన్ 21, సాయంత్రం 6:20

సుధ గారు అన్నదే ఆన్‌లైన్‌లో కూడా. మావాడు గేమ్ ఆడుతూ మైకులో ఎవరో తెలియనివాడికి "ఏడు దాకా మా ఇంట్లో ఎవరూ ఉండరు బ్రో" అని చెబుతుంటే వెనకనుంచి విన్నా. అప్పట్నుంచి ఆ టైంలో ఇంట్లో కీప్యాడ్ ఫోనే. పిలవడానికి, ఎత్తడానికి. పిల్లాడు మొదటివారం నన్ను శత్రువులా చూశాడు.

కేపీహెచ్‌బీ రమ్య | జూన్ 21, సాయంత్రం 6:41

ఈ కాలంలో కీప్యాడ్ ఫోనా! ఫ్యామిలీ లింక్ పెట్టి రోజుకి గంట అని లాక్ చేస్తే సరిపోతుంది కదా. హాల్లో ఒక వైఫై కెమెరా పెట్టండి, మాట్లాడొచ్చు కూడా. నేను మీటింగ్ మధ్యలో చూసుకుంటూ ఉంటా.

అమ్మ అకౌంట్ (నేను కాదు) | జూన్ 21, రాత్రి 8:15

ఇది మా అమ్మ ఐడీ. నేను ఎయిత్ క్లాస్. అమ్మ వంట చేస్తోంది, చెప్పకండి.

కెమెరా గురించి. మా ఇంట్లో ఉంది. నేను దానికి కనబడకుండా ఫ్రిజ్ పక్కన కింద కూర్చుంటా. తప్పు పని ఏం చేయను, ఊరికే కూర్చుంటా. చూస్తున్నట్టు ఉంటే స్కూల్లో ఉన్నట్టే ఉంటుంది. అమ్మ రోజుకి ఆరేడు సార్లు ఫోన్ చేసి తిన్నావా, హోమ్‌వర్క్ అయిందా అంటుంది. రాగానే ఒకసారి చేస్తే చాలు, నాకు కూడా అది కావాలి.

భయం ఎప్పుడంటే దొంగలు అవీ కాదు. వానొచ్చి కరెంట్ పోయి ఆరింటికే చీకటి పడినప్పుడు. అప్పుడు అమ్మ "ట్రాఫిక్‌లో ఉన్నా" అంటుంది, ఎంతసేపో చెప్పదు. ఎనిమిది అవుతుంది అని నిజం చెప్తే ఎనిమిది దాకా ఉండగలను. ఐదు నిమిషాల్లో వస్తా అంటేనే కష్టం.

ఓకే బై.

సిక్కోలు మాస్టారు | జూన్ 21, రాత్రి 8:52

బాబూ, నీ తెలుగు బాగుంది. అమ్మకి చెప్పం.

మేరీల్యాండ్ మూర్తి | జూన్ 22, ఉదయం 6:30

"ఐదు నిమిషాల్లో వస్తా." నేను ఇది ఎన్నిసార్లు అన్నానో.

మియాపూర్ అమ్మ | జూలై 13, రాత్రి 9:36

మూడు వారాలయింది, ఏం చేశామో చెప్పాలి కదా.

బాబుని పాప మీద వదలట్లేదు. రెండో అంతస్తులో ఒక ఆంటీ ఉన్నారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వాళ్ల మనవడు కూడా మూడో తరగతే. డబ్బులిస్తానంటే కోప్పడ్డారు. చివరికి బేరం ఎక్కడ తెగిందంటే, మిగతా రెండు రోజులు నేను ఇంటి నుంచి పని చేస్తా కాబట్టి వాళ్ల మనవడు మా ఇంటికి. ఇద్దరూ కలిస్తే మా ఇల్లు సంతే, కానీ లెక్క సరిపోయింది. మావారు బుధవారాలకి మొదటి షిఫ్టు అడిగారు, ఐదుకల్లా వచ్చేస్తున్నారు. ఆయన్ని అడగాలని నాకు ముందు ఎందుకు తట్టలేదో మరి. ధర్మపన్నాలు గారికి ఒకరకంగా థాంక్స్, ఆ కోపంలోనే అడిగా.

కాబట్టి పాప ఒంటరిగా ఉండేది సోమ, గురువారాలే. రెగ్యులేటర్ తనే చూస్తుంది, ఆపి ఉందా లేదా అని. నా నంబరు, వాళ్ల నాన్న నంబరు రెండూ నోటికి వచ్చాయి. ఎక్కాల్లాగా అప్పజెప్పించా. కెమెరా కొన్నాం, ముందే చెబుతున్నా, తిట్టకండి. గుమ్మం బయటికి పెట్టాం, లోపలికి కాదు. ఎయిత్ క్లాస్ బాబు పుణ్యం.

మొన్న గురువారం పెద్ద వాన. సైబర్ టవర్స్ దగ్గరే ఆరున్నరయింది. ఫోన్ చేసి "ఎనిమిదిన్నర అవుతుంది" అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, అయితే అన్నం నేను తినేస్తా" అంది. వచ్చేసరికి 8:20. కరెంటు పోయి మళ్లీ వచ్చిందట. టార్చ్ ఎక్కడుందో తనే వెతుక్కుందట, నేను చెప్పిన చోట లేదు. అది నా తప్పే.

అసోసియేషన్ బోర్డు సంగతి మావారు మీటింగ్‌లో ఎత్తారు మాస్టారూ. ఐదు నుంచి ఆరున్నర దాకా ఆడుకోవచ్చన్నారు, బంతి మెత్తటిదైతే. బోర్డు మాత్రం ఇంకా తీయలేదు.

సిక్కోలు మాస్టారు | జూలై 13, రాత్రి 9:50

బోర్డు అలాగే ఉండనీ తల్లీ. వికెట్లకి పనికొస్తుంది.

పాత తాళంచెవి | జూలై 13, రాత్రి 10:25

చాలా సంతోషం అండీ. పాప ఆ రెండు రోజులు ఏం చేస్తోంది?

మియాపూర్ అమ్మ | జూలై 13, రాత్రి 10:41

తెలియదండీ. అడిగితే "ఏం లేదు" అంటుంది. సోమవారం వచ్చేసరికి హోమ్‌వర్క్ అలాగే ఉంది, నోట్సు బ్యాగులోంచి బయటికి రాలేదు. నాలుగు మాటలు అందామనే బాల్కనీలోకి వెళ్లా. ప్లాస్టిక్ కుర్చీ పక్కన నేల మీద సాసరు, అడుగున కాస్త ఉప్పూకారం, జామకాయ తొడిమ.

సాసరు తీసి కడిగి పెట్టా. ఏమీ అనలేదు.